కుర్రాళ్ల తగువు ఊరి తగువు కాకముందే

మిరప కళ్లాలు ఎత్తేసి, ఆఖరి టిక్కీలు గుంటూరు యార్డుకు చేరాక, పత్తికట్టె పీకి తొలకరి కోసం ఎదురుచూసే రోజుల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పని తగ్గుతుంది, మాటలు పెరుగుతాయి. టీ కొట్టు బల్లల మీద, రచ్చబండ మీద, చెరువు కట్ట మీద కుర్రాళ్లు గుంపులుగా కూర్చుంటారు. ఇంటర్ తప్పినవాడు ఒకడు, డిగ్రీ అయి రెండేళ్లుగా దరఖాస్తులు పెడుతున్నవాడు ఒకడు, హైదరాబాదులో పని నచ్చక తిరిగి వచ్చినవాడు ఇంకొకడు. వాళ్ల మధ్య ఎప్పుడో ఒక మాట తూలుతుంది. ఒకప్పుడు ఆ మాట ఆ బల్ల దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడు సెల్ ఫోన్ లో ఎక్కి పక్క ఊళ్లోని చుట్టాల దాకా పాకుతుంది. తెల్లవారేసరికి చొక్కా చిరిగినవాడి వెనక ఇరవై మంది, చింపినవాడి వెనక ముప్పై మంది నిలబడి ఉంటారు.

కారణాలు అడిగితే అందరూ చెప్పగలరు. తాగుడు, సినిమాలు, నిరుద్యోగం, ఫోన్లు, రాజకీయాలు. ఇవేవీ అబద్ధం కావు. అయితే ఇవన్నీ ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఒక ఊళ్లో చెంపదెబ్బ చెంపదెబ్బగానే మిగిలిపోవడానికీ, మరో ఊళ్లో అదే దెబ్బ శవాల దాకా పోవడానికీ ఈ కారణాలు చాలవు. తేడా ఎక్కడుందో చూడాలంటే ఈ రెండు జిల్లాల్లోనే జరిగిన రెండు సంఘటనలను గుర్తు చేసుకోవాలి. యాభై దాటిన వారికి అవి బాగానే గుర్తుంటాయి. ఇరవై ఏళ్ల వారికి ఎవరూ చెప్పి ఉండరు.

మొదటిది చీరాల దగ్గరి కారంచేడు. 1985 జులై 16 సాయంత్రం, దళితులు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర అగ్రకులానికి చెందిన కుర్రాళ్లు గేదెల బక్కెట్లు కడిగారు. తాగే నీళ్లలో కుడితి కడుగుతారా అని దళితుల వైపు నుంచి అభ్యంతరం వచ్చింది. మాట మీద మాట, ఆ తర్వాత దెబ్బ. నీళ్లకు వచ్చిన ఒక దళిత మహిళ తనను కొట్టబోతే బిందె ఎత్తి అడ్డుకుంది. జరిగింది అంతే. ఆ రాత్రి గడిచి, 17వ తేదీ ఉదయానికి గొడ్డళ్లు, బరిసెలు, కర్రలతో గుంపు మాదిగపల్లె మీద పడింది. ఆరుగురు చనిపోయారు. ఆడవాళ్లపై అత్యాచారాలు జరిగాయి. బతికినవారు చీరాలకు పరుగెత్తి అక్కడే శిబిరంలో తలదాచుకున్నారు. అనేక కుటుంబాలు మళ్లీ ఆ ఊరికి పోలేదు.

రెండవది తెనాలి దగ్గరి చుండూరు. 1991 జులై 4న సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. దాని మీద గొడవ. ఇక్కడ ఒక రాత్రి కాదు, ముప్పై మూడు రోజులు గడిచాయి. ఆ ముప్పై మూడు రోజుల్లో దళితులను సాంఘికంగా బహిష్కరించారు. పొలం పనులకు పిలవడం మానేశారు. ఊళ్లో పోలీసులు ఉన్నారు, 144వ సెక్షను ఉంది. అయినా ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి, కొందరి శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలువల్లో పడేశారు.

ఒక బక్కెట్టు, ఒక కాలు. ఈ రెండింటి వెనక కూలి రేట్లు, చదువుకున్న దళిత యువకులు తలెత్తుకు తిరగడం, ఓట్లు, పార్టీలు వంటి పాత సెగలు ఉన్న మాట నిజమే. ఇవి సమానమైన రెండు వర్గాల కొట్లాటలు అనడం కూడా న్యాయం కాదు. చంపినవారు ఒక వైపు, చచ్చినవారు ఒక వైపు. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పుకున్న తర్వాతే తక్కిన మాటలకు విలువ ఉంటుంది. తక్కిన మాట ఏమిటంటే, చెరువు దగ్గర మాట తూలినవాడు కుర్రాడే కావచ్చు, సినిమా హాల్లో కాలర్ పట్టుకున్నవాడు కుర్రాడే కావచ్చు, మర్నాటి దాడి మాత్రం కుర్రాళ్లు తమంతట తాము చేయగలిగింది కాదు. మనుషులు కూడాలి, కర్రలు తేవాలి, ఎవరో సరే అనాలి, ఎవరో వద్దనకుండా ఊరుకోవాలి. ఇంట్లో పెద్దవాడు లేచి "తప్పు మనవాడిది, పొద్దున్నే నేను పోయి ఆ మాట చెప్పి వస్తాను" అని ఉంటే, అక్కడ ఎంత మంది ఎదురు చెప్పగలిగేవారు? చుండూరులో ఆ మాట అనడానికి ముప్పై మూడు రోజుల వ్యవధి దొరికింది. ఆ వ్యవధి బహిష్కరణకు పనికొచ్చింది.

ఆ తర్వాత ఏమైందో కూడా కుర్రాళ్లకు తెలియాలి. కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది, అంటే ఇరవై మూడేళ్లు. ఒకరికి యావజ్జీవం, మరి 29 మందికి మూడేళ్ల జైలు. చుండూరు కేసు కోసం ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ లో హైకోర్టు వారందరినీ విడిచిపెట్టింది. ఆ తీర్పును అదే ఏడాది సుప్రీంకోర్టు నిలిపింది. చనిపోయినవారి పిల్లలకు న్యాయం ఎంత దూరమో ఈ తేదీలే చెబుతాయి. నిందితుల ఇళ్లలోనూ పెళ్లి ఈడు కుర్రాళ్లు కోర్టు మెట్ల మీదే నడివయసు వారయ్యారు.

ఇది పాత సంగతి అని తోసేయడానికి లేదు. 2024 మే 13న పోలింగు రోజున, ఆ మర్నాడు పల్నాడులో జరిగింది ఎవరూ మరచిపోలేదు. మాచర్ల, నరసరావుపేట ప్రాంతాల్లో రాళ్లు, కర్రలు, తగలబెట్టడాలు. 144వ సెక్షను పెట్టారు. ఎన్నికల సంఘం జిల్లా కలెక్టరును బదిలీ చేసి, ఎస్పీని సస్పెండు చేసింది. ప్రత్యేక దర్యాప్తు బృందం వచ్చింది. ఓట్ల లెక్కింపుకు ముందు సీసాల్లో పెట్రోలు అమ్మరాదని బంకులకు ఆంక్ష పెట్టవలసి వచ్చిందంటే పరిస్థితి ఎంత దాకా పోయిందో ఊహించవచ్చు. పల్లెల్లో మగవాళ్లు ఊళ్లు విడిచి చుట్టాల ఇళ్లలో దాక్కున్నారు. నాయకులకు వకీళ్లు దొరికారు, బెయిళ్లు వచ్చాయి. వారి కోసం రాయి విసిరిన ఇరవై ఏళ్ల వాడి సంగతి వేరు. పేరు కేసులో ఎక్కిన తర్వాత కానిస్టేబులు పరీక్ష రాసినా విచారణలో ఆ కేసు బయటికి వస్తుంది. గల్ఫ్ కు పోదామంటే పాస్ పోర్టు దగ్గర ఆగుతుంది. రౌడీ షీటు తెరిస్తే ప్రతి పండుగకూ, ప్రతి ఎన్నికకూ స్టేషనుకు పోయి కూర్చోవాలి. ఎకరం మిరపకు పెట్టుబడి పెట్టడానికి పుస్తెలు తాకట్టు పెట్టిన తల్లి, ఆ మీదట వకీలు ఫీజుకు ఏం తాకట్టు పెడుతుంది?

పల్నాటి వీరుల కథ తెలియని ఇల్లు ఆ ప్రాంతంలో లేదు. ఆ కథలో బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుణ్ని తల్లి ఐతాంబ యుద్ధం వైపు పోనివ్వకుండా ఇంటిపట్టునే పెంచుతుంది. ఒకనాడు అతను బొంగరాలాడుతుంటే బొంగరం అన్నమ్మ అనే కోమటి పడుచు కాలికి తగులుతుంది. పెద్దలు యుద్ధానికి నిలబడి ఉంటే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అని ఆమె ఎత్తిపొడుస్తుంది. ఆ ఒక్క మాటతో తల్లి ఇన్నాళ్లూ పడ్డ జాగ్రత్త అంతా పోయింది. కుర్రాడు కారెంపూడి కదనానికి వెళ్లాడు, తిరిగి రాలేదు. పాడేవారు దీన్ని వీరరసంగా పాడతారు, వినేవారికి రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఇంట్లో కొడుకున్న తల్లికి మాత్రం అందులో వేరే సంగతి వినిపించాలి. ఇవాళ కూడా పల్లెల్లో కుర్రాళ్లను కర్ర పట్టించేది పగ కాదు, ఎత్తిపొడుపు. "నీ అన్నను కొడితే అన్నం ఎట్లా దిగుతుందిరా", "గాజులు తొడుక్కో". ఈ మాటలు అనేది శత్రువులు కారు. సొంత బాబాయిలు, బావలు, ఒక్కొక్కప్పుడు నాయనమ్మలు. అన్నవారు రాత్రికి అన్నం తిని పడుకుంటారు, విన్నవాడు పడుకోడు.

ఆ కథలోనే చాపకూడు కూడా ఉంది. అన్ని కులాల వారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు పెట్టిన తిండి. కారెంపూడి వీరారాధన ఉత్సవాల్లో ఇప్పటికీ ఏటా చాపకూడు వడ్డిస్తారు. ఎనిమిది వందల ఏళ్లకు పైగా కిందట ఒకే చాప మీద కూర్చున్నారని గొప్పగా చెప్పుకునే నేల మీద, 1991లో సినిమా హాల్లో పక్క సీటువాడి కాలు తగలడం పెద్ద సంగతి అయింది.

కుర్రవాడు కొట్టి వచ్చినా, దెబ్బలు తిని వచ్చినా ఆ మొదటి రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందన్నదే అసలు విషయం. సాధారణంగా తండ్రి తిడతాడు, లేకపోతే "ఎవడ్రా వాడు" అని లేస్తాడు. రెండూ ప్రమాదమే. తిట్టిన తండ్రి ముందు నుంచి కుర్రాడు లేచి తన జట్టు దగ్గరికి పోతాడు, అక్కడ వాణ్ని మెచ్చుకునేవారు ఉంటారు. ఈ జిల్లాల్లో తండ్రితో మాట్లాడని కుర్రాడు కూడా మేనమామతో మాట్లాడతాడు, అక్కతో మాట్లాడతాడు. పెళ్లయి పక్క ఊళ్లో ఉన్న అక్క ఫోను చేసి "నాకు ఒక్కగానొక్క తమ్ముడివిరా, రేపు వచ్చి నాలుగు రోజులు ఇక్కడ ఉండు, పిల్లలు నిన్నే కలవరిస్తున్నారు" అంటే కాదనేవాడు అరుదు. నాలుగు రోజులు ఊరికి దూరంగా ఉంటే సగం వేడి అదే చల్లారుతుంది. దీనికి ప్రభుత్వ జీవో అక్కరలేదు. ఒకరు గుర్తుపెట్టుకుని ఆ ఫోను చేయించాలి, అంతే.

ఈ పద్ధతినే వేరే దేశాల్లో డాక్టర్లు, పోలీసులు కలిసి పెద్ద కార్యక్రమంగా నడుపుతున్నారు. అమెరికాలోని చికాగో నగరంలో గేరీ స్లట్కిన్ అనే డాక్టరు 2000లో ఇటువంటి పని మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన ఆఫ్రికాలో కలరా, క్షయ, ఎయిడ్స్ వంటి అంటురోగాల మీద పనిచేసినవాడు. కొట్లాట కూడా అంటురోగం లాగే ఒకరి నుంచి ఒకరికి పాకుతుందని ఆయన గమనించాడు. ఆ వాడలోనే పుట్టి పెరిగి, కుర్రాళ్లకు మాట చెల్లుబడి ఉన్నవారిని, ఒకప్పుడు తామే గొడవల్లో తిరిగి బయటపడ్డవారిని ఎంచుకున్నారు. కాల్పులు జరిగిన రాత్రే వారు ఆసుపత్రికి పోతారు. గాయపడ్డవాడి తమ్ముడి పక్కన, స్నేహితుల పక్కన కూర్చుంటారు. పగ తీర్చుకోవడానికి లేచేవాణ్ని లేవకుండా చూడటమే వారి ఉద్యోగం. స్కాట్లాండులో గ్లాస్గో పోలీసులు 2005లో ఇందుకోసం ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. 2008లో ముఠా కుర్రాళ్లను కోర్టు హాలుకు పిలిపించి, జడ్జీల ఉపన్యాసాలతో సరిపెట్టకుండా, దాడిలో గాయపడ్డ పిల్లవాడి తల్లి చేత మాట్లాడించారు. చదువుకుంటాం, పని చూపించండి అన్నవారికి దారి చూపారు. ఆ విభాగం వచ్చిన పదేళ్లలో స్కాట్లాండులో హత్యలు సగానికి పైగా తగ్గాయి. అంతా దాని చలవే అనలేం గాని, కత్తి పట్టినవాడు తల్లి మాట వింటాడని అక్కడి పోలీసులు నమ్మడమే పెద్ద సంగతి.

పల్లెల్లో ఈ పని పెద్దమనుషులదే కదా, ఎప్పటినుంచో ఉన్నదే కదా అనేవారు ఉంటారు. ఇక్కడ జాగ్రత్త పడవలసింది చాలా ఉంది. పెద్దమనుషుల పంచాయితీ అంటే చాలా ఊళ్లలో బలమున్నవాడి అరుగు మీద బలంలేనివాణ్ని నిలబెట్టి "పోనీలే, మరచిపో" అనిపించడం. జరిమానా పెద్దల చేతికి పోతుంది, దెబ్బ తిన్నవాడికి మాట కూడా దక్కదు. అలాంటి రాజీ కొట్లాటను ఆపదు, వాయిదా వేస్తుంది. ఆడపిల్ల మీద చేయి వేసినా, కులం పేరుతో అవమానించినా, రక్తం కారేట్టు కొట్టినా రాజీ మాట ఎత్తకూడదు. పోలీసు స్టేషనుకే పోవాలి. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఊరికే రాలేదు, కారంచేడు వంటి ఊళ్ల రక్తం మీద వచ్చింది. పెద్దల పని ఇంతకంటే చిన్నది, ముందరిది. ఎదుటివాడి కుర్రాణ్ని తీర్పు తీర్చడం కాదు, తమ కుర్రాణ్ని తాము పట్టుకోవడం. తమ వీధి పెద్ద తమ కుర్రాడి చేయి పట్టుకుని ఎదుటి వీధికి తీసుకుపోయి, అందరి ముందూ తప్పు ఒప్పిస్తే ఆ పెద్దకు పరువు తక్కువ అవుతుందని అనుకోవడం అలవాటైపోయింది. పైవీధి పెద్ద కిందివీధికి నడిచిపోవడం ఇంకా కష్టం. కారంచేడులో, చుండూరులో నడవలేకపోయిన దూరం అదే.

ఆడవాళ్లు తలుచుకుంటే ఈ దూరం తగ్గుతుంది. ప్రకాశం సరిహద్దున ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగిందో చూడండి. అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి చేరిన కూలి ఆడవాళ్లు, 1992లో సారా పాకెట్లు ఊళ్లోకి రానివ్వకుండా అడ్డుపడ్డారు. ఎక్సైజు వారు ఆపలేనిది, పోలీసులు ఆపనిది వారు ఆపారు. ఆ కదలిక జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లలో చాలా మంది సంతకం అప్పుడప్పుడే నేర్చుకున్నవారు. ఇవాళ ప్రతి ఊళ్లో పొదుపు సంఘాలు ఉన్నాయి. అన్ని కులాల ఆడవాళ్లూ నెలనెలా కూడతారు. కిస్తీ కట్టారా లేదా అన్న ఒక్క లెక్కతోనే లేచిపోతున్నారు. ఏ ఇంట్లో కుర్రాడు నెల రోజులుగా సరిగా ఇంటికి రావడం లేదో, ఎవరి చేతికి కొత్తగా తాగుడు అంటిందో, ఏ ఇద్దరి మధ్య మాటల్లేవో వారందరికీ తెలుసు. తెలిసిన సంగతి బయటికి అనుకోవడానికి పది నిమిషాలు చాలు. కొడుకు సంగతి పరాయివాళ్ల ముందు చెప్పుకోవడం నామోషీ అనే తల్లి, ఆ కొడుకు కోసం స్టేషను ముందు చెట్టు కింద కూర్చునే రోజు వస్తే ఇంకెంత నామోషీ పడాలి?

కుర్రాళ్లకు వేరే పని చూపించాలన్న మాట కూడా ఉంది. పని లేకపోతే ఉపన్యాసం ఎక్కదు. ఉద్యోగాలు ఊరి చేతిలో లేకపోవచ్చు, ఊరి చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభ కట్టే ఊళ్లను గమనించినవారికి ఇది తెలుసు. చందాలు పోగుచేయడం, కర్రలు తేవడం, ప్రభ నిలబెట్టడం, కొండ దాకా పడిపోకుండా లాగుకు పోవడం, ఇదంతా కుర్రాళ్ల భుజాల మీదే నడుస్తుంది. అన్ని వారాల్లో ఊళ్లో కొట్లాట జరగదు, ఎందుకంటే ప్రభ వంగితే ఊరంతటికీ తలవంపు. ఆ ప్రభ మీద పార్టీ జెండాలు, కుల నాయకుల ఫ్లెక్సీలు ఎక్కిన ఏడు మాత్రం పరిస్థితి తిరగబడుతుంది. ఎవరి ఫ్లెక్సీ పైన ఉండాలన్న తగువుతో తిరునాళ్లే కొట్లాటకు మూలం అవుతుంది. ఎడ్ల పందేలకైనా, కబడ్డీ పోటీలకైనా ఇదే వర్తిస్తుంది. జట్టును వీధి వారీగా కాకుండా ఊరి మొత్తానికి కడితే మాలపల్లె కుర్రాడు, పైవీధి కుర్రాడు ఒకే వైపు ఆడతారు. ఇది చిన్న మార్పు, కట్టేది కమిటీలోని పెద్దలే.

వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం కారంచేడుకు ఎంతో దూరంలో లేదు. గాంధీగారు కూడా వచ్చి చూసిన గ్రంథాలయం అది. ఒక పల్లెటూరి కుర్రాళ్లు పూనుకుంటే ఎంత పని చేయగలరో అది చెబుతుంది. ఊరి లైబ్రరీ గది ఇప్పుడు చాలా చోట్ల తాళం వేసి ఉంది, లేదా పంచాయతీ సామాను గోదాముగా ఉంది. ఆ తాళం తీయించి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పోటీ పరీక్షల పుస్తకాలు పెట్టించి, ఊళ్లో మాస్టారినో, సెలవుల్లో వచ్చిన ఉద్యోగినో కూర్చోబెడితే టీ కొట్టు బల్ల కొంతైనా ఖాళీ అవుతుంది. గ్రంథాలయ పన్ను ఇంటి పన్నుతో పాటు ప్రతి ఇల్లూ కడుతూనే ఉంది, అడిగే హక్కు ఉంది.

మాట దాటి కేసు దాకా పోయినవారికి ఇంకొక దారి ఉంది, అది చాలా మందికి తెలియదు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మండల స్థాయిలో కోర్టులు ఉన్న చోట న్యాయసేవల కమిటీలు పనిచేస్తున్నాయి. రాజీ పడదగిన చిన్న కేసులను లోక్ అదాలత్ లో ఫీజు లేకుండా ముగించుకోవచ్చు. అక్కడ కుదిరిన దానిపై అప్పీలు ఉండదు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా వివరం చెబుతారు. పదిహేడేళ్ల కుర్రాణ్ని లాకప్పులో పెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. స్టేషనుకు వెళ్లే తండ్రి పదో తరగతి సర్టిఫికెట్టు జేబులో పెట్టుకుని వెళ్లాలి. వయసుకు అదే మొదటి రుజువు.